చంటిపిల్లతో విదేశీ ప్రయాణం: మడత మంచమా, గాలి పరుపా?

నమస్కారమండి. బెజవాడ, గుంటూరు వైపు నుంచి రెండు మూడేళ్ల పిల్లని తీసుకుని అమెరికానో, ఆస్ట్రేలియానో వెళ్లేవాళ్ల కోసం ఈ వీడియో. మనిళ్లల్లో ఈ వయసు పిల్లలు అమ్మానాన్నల మధ్యలో డబుల్ కాట్ మీద పడుకుంటారు కాబట్టి వేరే మంచం ఊసు రాదు. అక్కడ దిగాక ఎత్తు మంచం, మెత్తటి పరుపు ఉంటాయి, పక్కన గోడ ఉండదు. మొదటి రాత్రే పిల్ల దొర్లి కింద పడుతుంది. అందుకే పెట్టెలో పట్టే మంచం ఒకటి కావాలి.

బల్ల మీద రెండు ఉన్నాయి చూడండి. ఇది ఫ్రేము, చుట్టూ వల ఉన్న మడత మంచం. ఇది గాలి పరుపు. ఏది కొనాలో తేల్చేది ధర కాదు, మీ పిల్ల వయసూ ఎత్తూ.

15 నెలల లోపు పిల్లల్ని గాలి పరుపు మీద పడుకోబెట్టకూడదు. పరుపు కుంగినచోట ముఖం ఆనుకుపోతే ఊపిరి ఆడదు, తల తిప్పుకుని తప్పించుకోవడం వాళ్లకి చేతకాకపోవచ్చు. వాళ్లకి ఫ్రేము మంచమే. అందులో వచ్చే పలచటి గట్టి పరుపు చాలు. ‘గట్టిగా ఉంది పాపం’ అని అమ్మమ్మలు బొంత మడతపెట్టి వేస్తారు, వద్దండి. బొంతకీ వలకీ మధ్య సందులో పిల్ల ఇరుక్కుంటుంది.

ఫ్రేము మంచానికీ పరిమితి ఉంది. ప్యాక్ అండ్ ప్లే (గ్రాకో కంపెనీ మడత మంచం) తరహావాటికి సాధారణంగా పిల్ల 35 అంగుళాల ఎత్తు, 30 పౌండ్ల బరువు, అంటే 89 సెంటీమీటర్లు, 13.6 కిలోలు. అది దాటకపోయినా కాలెత్తి అంచు ఎక్కడం మొదలుపెడితే వాడకం ఆపేయాల్సిందే.

బరువుకొస్తే, ప్యాక్ అండ్ ప్లే రకాలు చాలావరకు తొమ్మిది పది కిలోలు తూగుతాయి. బేబీ బ్యోర్న్ ట్రావెల్ కాట్ లైట్ దాదాపు 6 కిలోలు, మడిస్తే సంచి 49, 60, 14 సెంటీమీటర్లు. మూడూ కలిపితే 123. అమెరికా ఫ్లైట్లలో మామూలుగా అడిగే 158 లోపే. పిల్లల కారు సీటు, స్ట్రోలర్ ఉచితంగా తీసుకుంటారు కదా, మంచాన్నీ అలాగే తీసుకుంటారని అనుకోకండి. చాలాచోట్ల దాన్ని ఒక లగేజీగానే లెక్కేస్తారు. ఉచితమని ఫోన్‌లో చెబితే మెయిల్ పెట్టమనండి, కౌంటర్ దగ్గర అదే పనికొస్తుంది.

గన్నవరం నుంచి హైదరాబాదుకో, ఢిల్లీకో విమానంలో వెళ్లేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. మొత్తం ప్రయాణం ఒకే టికెట్ అయితే చివరిదాకా 23 కిలోల పెట్టెలే నడుస్తాయి. దేశంలో తిరిగే ఫ్లైట్‌కి విడిగా టికెట్ కొంటే సాధారణంగా 15 కిలోలే. గన్నవరంలోనే అదనపు డబ్బు కట్టాలి. కారులో శంషాబాద్ వెళ్తే ఈ గొడవ లేదు.

ఇప్పుడు మడత. దగ్గరగా చూపిస్తాను, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నాలుగు వైపులా పై కడ్డీలు ఉన్నాయి, అడుగున మధ్యలో ఈ ముడి ఉంది. వేసేటప్పుడు ముందు నాలుగు కడ్డీలూ పైకి లాగాలి. టక్, టక్, నాలుగు చప్పుళ్లు వినాలి. ఆ తర్వాతే మధ్య ముడిని కిందకి నొక్కాలి. ముందే ముడి నొక్కేశారనుకోండి, కడ్డీలు ఎంత లాగినా లాక్ పడవు. మడిచేటప్పుడు ఈ వరస తిరగేయండి. ముందు మధ్య పట్టీ పట్టుకుని ముడిని పైకి లాగాలి, తర్వాత కడ్డీని కాస్త పైకెత్తి బటన్ నొక్కాలి. ఎత్తకుండా నొక్కితే అది కదలదు. మోకాలు పెట్టి తొక్కేవాళ్లూ ఉన్నారు. విరిగేది ఆ ప్లాస్టిక్ కీలు, దానికి రిపేరు లేదు.

మూడేళ్లు దాటిందా, గాలి పరుపే మేలు. ఇది ఇంటెక్స్ కిడ్స్ ట్రావెల్ బెడ్. డబ్బా మీదే 3 నుంచి 6 ఏళ్లు అని ఉంటుంది. గాలి కొట్టాక 107, 168, 25 సెంటీమీటర్లు. ఆరేళ్ల పిల్ల కూడా కాళ్లు చాపుకుంటుంది. అంచు వేరు, మధ్య పరుపు వేరు. పరుపులో సగం గాలి ఉండగానే అంచులో దూర్చండి, తర్వాత నింపండి. పూర్తిగా నింపాక దూర్చబోతే అతుకు మీద బరువు పడుతుంది. బొటనవేలితో నొక్కితే కాస్త దిగాలి. బెజవాడ మే నెల మధ్యాహ్నం బిర్రుగా కొడితే గాలి వేడెక్కి అతుకు విచ్చుకుంటుంది. అక్కడ చలిలో దీనికి ఎదురు. రాత్రికి గాలి చల్లబడి తెల్లారేసరికి పరుపు మెత్తబడుతుంది. పంచర్ అని కంగారుపడకండి, ముందు కాస్త గాలి కొట్టి చూడండి. మళ్లీ తగ్గితే బిరడా చుట్టూ, అతుకుల మీద సబ్బు నురగ రాయండి. బుడగ లేచిన చోటే కన్నం.

దీంతో చేతి పంపు వస్తుంది, అదే తీసుకెళ్లండి. చేతులు లాగుతాయి, నిజమే. కానీ ఇక్కడి 230 వోల్టుల మోటారు పంపు అమెరికా 120 వోల్టులకి మూలుగుతుందే తప్ప గాలి కొట్టదు. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని మార్చదు. ఫోన్ చార్జర్ పనిచేస్తుందంటే దాని మీద 100 నుంచి 240 అని రాసి ఉంటుంది కాబట్టి. చార్జింగ్ పంపు కొంటే అందులో లిథియం బ్యాటరీ ఉంటుంది, చేతి సంచిలోనే పెట్టుకోండి.

కొత్త పరుపు ఘాటుగా వాసన వేస్తుంది. ప్రయాణానికి వారం ముందే విప్పి రెండు మూడు రోజులు నీడలో ఆరేయండి. మిగతా రోజులు పిల్లని దాని మీదే, రోజూ కప్పుకునే దుప్పటితో పడుకోబెట్టండి. అక్కడికి వెళ్లాక వాసన తెలిసిన దుప్పటి ఉంటే సగం ఏడుపు తగ్గుతుంది. పెట్టెలో సర్దేటప్పుడు ఆవకాయ సీసా పక్కన మాత్రం వద్దు. నూనె కారితే పరుపు గుడ్డకి పట్టిన వాసన ఉతికినా వదలదు. మడత మంచమైతే సంచి పట్టీలు వేలాడకుండా లోపలికి దోపి ప్లాస్టిక్ చుట్టించండి. బెల్టుల్లో చిక్కుకుని తెగేవి అవే.

విమానంలో సీటు ముందు కాళ్ల చోట పెట్టే గాలి మెత్తల గురించి అడుగుతున్నారు. రెండేళ్ల లోపు పిల్లకి సొంత సీటు లేకపోతే దానితో పనే లేదు. సీటు ఉన్నా కొన్ని ఎయిర్‌లైన్లు ఒప్పుకోవు. ఒప్పుకున్నచోట కూడా మామూలుగా కిటికీ సీటుకే, అదీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గాలి తీసేయాలి. బెల్టు పెట్టుకునే పడుకోవాలి. మా లెక్కలో అది లేకపోయినా నడుస్తుంది.

తిరిగొచ్చాక పరుపుని తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరాక, మడతల్లో కాస్త పౌడర్ చల్లి వదులుగా చుట్టండి. రేకుల కింద అటక మీద పెట్టకండి, వచ్చే ఎండాకాలానికి అతుకులు ఊడిపోతాయి. బట్టల బీరువా కింద అర చాలు.