రిలేల గడియారాలు కలుస్తున్నాయా? ఒక్క మీట నొక్కి తేల్చుకుందాం

నమస్కారం. సబ్‌స్టేషన్‌లోని రిలేలు (లోపాన్ని కనిపెట్టి లైనును ఆపించే పరికరాలు), రికార్డర్లు, మీటర్లు అన్నింటికీ ఒకే సమయం అందించడం ఎలాగో ఈ వీడియోలో చూద్దాం. అందిందో లేదో పరీక్షించే పనికే ఎక్కువ సేపు కేటాయిస్తాను. హడావుడిలో అందరూ వదిలేసేది దాన్నే.

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య ప్రాంతంలో, కెనడాలోని ఒంటారియోలో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఏ లైను ముందు ట్రిప్ అయిందో (తనంతట ఆగిపోయిందో) తేల్చడానికి దర్యాప్తు బృందం వేలాది రికార్డులు ముందేసుకుని కూర్చుంది. వాటిలో చాలా రికార్డర్ల గడియారాలు ఒకదానితో ఒకటి కలవలేదు. ముందువెనకలు తెలియకపోతే ఏది కారణమో, ఏది ఫలితమో ఎలా చెప్పగలం? సమయం కలిసిన రికార్డర్లను తప్పనిసరి చేయాలని ఆ బృందం సిఫారసు చేసింది.

రిలేలో గడియారాన్ని నడిపేది చిన్న క్వార్ట్జ్ ముక్క. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా రోజుకు 1.7 సెకన్లు తప్పుతుంది. అందుకే పైకప్పు మీద యాంటెన్నా, కంట్రోల్ రూములో ఉపగ్రహాల నుంచి సమయం తీసుకునే జీపీఎస్ గడియారం. యాంటెన్నాకు నలువైపులా ఆకాశం కనిపించాలి. దాని కేబుల్‌లో సంకేతం మీటరుకు దాదాపు 5 నానోసెకన్లు ఆలస్యమవుతుంది. 60 మీటర్ల కేబుల్ అయితే 300 నానోసెకన్లు. ఆ అంకెను గడియారం సెట్టింగుల్లో నింపండి.

అక్కడి నుంచి రిలేలకు మూడు దారులు. లాన్ (స్థానిక నెట్‌వర్క్) మీద సమయం పంపే ఎస్‌ఎన్‌టీపీ పద్ధతిలో తేడా మిల్లీసెకన్లలో ఉంటుంది, ఏది ఎప్పుడు జరిగిందో రాసుకునే ఈవెంట్ లిస్టుకు సరిపోతుంది. విడిగా తీగ లాగి పంపే ఐరిగ్-బి సమయ సంకేతం కచ్చితత్వంలో మైక్రోసెకన్ల దాకా వెళ్తుంది. మూడోది పీటీపీ అనే పద్ధతి. ఇది లాన్ కేబుల్ మీదే నడుస్తూ తేడాను 1 మైక్రోసెకను లోపు నిలబెడుతుంది. సబ్‌స్టేషన్ల కోసం దీని నియమాలు 2016లో ఐఈసీ 61850-9-3 అనే అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చాయి. దారిలోని ప్రతి నెట్‌వర్క్ స్విచ్చీ సందేశం తన దగ్గర ఎంతసేపు ఆగిందో కొలిచి చెప్పాలి. నడుమ ఒక్క మామూలు స్విచ్ ఉన్నా ఆ లెక్క చెడిపోతుంది.

ఇంత సూక్ష్మం ఎందుకంటే, 50 హెర్ట్జ్‌లో 1 మిల్లీసెకను అంటే 18 డిగ్రీల కోణం. వోల్టేజీ, కరెంటుల పరిమాణాన్నీ కోణాన్నీ కలిపి చెప్పే ఫేజర్ కొలతలో మొత్తం తప్పు 1 శాతం దాటకూడదు. సమయంలో సుమారు 32 మైక్రోసెకన్ల తేడా ఒక్కటే ఆ 1 శాతాన్ని మింగేస్తుంది.

ఇక పరీక్ష. రిలే మీద పచ్చదీపం వెలిగినంత మాత్రాన నేను నమ్మను. సంకేతం వస్తోందని మాత్రమే ఆ దీపం చెబుతుంది. అనుమతి తీసుకుని, నాలుగు రిలేల్లో ఖాళీగా ఉన్న బైనరీ ఇన్‌పుట్లను (ఆన్, ఆఫ్ మాత్రమే గుర్తించేవి) ఒకే మీటకు కలిపాను. నాలుగింటిలోనూ ఇన్‌పుట్ ఫిల్టర్ సమయం (సంకేతం నిజమేనని ఒప్పుకునే ముందు రిలే ఆగే సేపు) ఒకేలా పెట్టాను. ఇది మరిచిపోతే లేని తేడా కనిపిస్తుంది. ఇప్పుడు మీట నొక్కుతున్నాను. ఈవెంట్ లిస్టులు చూడండి.

మొదటి రిలే: 11:42:07.316. రెండోది: 11:42:07.317. ఇవి రెండూ బాగున్నాయి.

మూడోది: 06:12:07.316. కంగారు పడకండి. సెకన్లు, మిల్లీసెకన్లు అచ్చంగా కలిశాయి. తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు. అంటే సమయం చక్కగానే అందుతోంది, భారత కాలమానం సెట్టింగు పెట్టలేదు, అంతే. ఇలా తేడా అంకెను బట్టే జబ్బు చెప్పవచ్చు. రిలే 37 సెకన్లు ముందుంటే, పీటీపీ పంపే అంతర్జాతీయ అణు సమయాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) మార్చకుండానే వాడుతోందని అర్థం. 18 సెకన్లు ముందుంటే అది జీపీఎస్ సొంత సమయం.

నాలుగోది: 11:42:07.904. ఈ 588 మిల్లీసెకన్లు ఏ లెక్కకూ అందవు. అసలు జబ్బు ఇక్కడే ఉంది. సెట్టింగులు తెరుస్తున్నాను... ఇదిగో, టైమ్ సర్వర్ చిరునామా ఖాళీగా ఉంది. ఈ రిలే సొంత క్వార్ట్జ్ మీదే నడుస్తోంది. చిరునామా నింపి, ఐదు నిమిషాలు ఆగి, మళ్ళీ నొక్కుతున్నాను. ఈసారి మిగతావాటితో 2 మిల్లీసెకన్ల తేడాలోకి వచ్చింది.

చివరగా యాంటెన్నా కేబుల్ ఊడదీస్తున్నాను. గడియారం ఉపగ్రహాలను కోల్పోయింది, సొంత ఆసిలేటర్ మీద నెట్టుకొస్తోంది. ఈ సంగతి గడియారం తెర మీద కనిపిస్తే చాలదు, స్కాడా (దూరం నుంచి సబ్‌స్టేషన్‌ను గమనించే వ్యవస్థ) తెర మీద అలారంగా రావాలి. అక్కడ రాకపోతే రాత్రి షిఫ్టు ఆపరేటరుకు తెలిసే దారి లేదు. వచ్చింది, చూడండి. కేబుల్ తిరిగి బిగిస్తున్నాను. అలారం తొలగేదాకా ఇక్కడే ఉండి, రిలేల సమయాలు మరోసారి రాసుకుంటాను.