ఆపరేషన్ అయింది, మరి వినిపించేది ఎప్పుడు?

శ్రోతలకు నమస్కారం.

పుట్టుచెవుడున్న బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవికి శబ్దం అందించే పరికరం అమర్చే ఆపరేషన్ చేయించి టెక్కలికో సోంపేటకో తిరిగొస్తే, చూడవచ్చిన వాళ్లంతా అడిగేది ఒకటే: "ఏమ్మా, పిల్లోడికి వినిపిస్తోందా?" తల్లి ఏం చెబుతుంది? లోపల అమర్చిన పరికరం ఒక్కటే పనిచేయదు. చెవి వెనక బయటి మిషను తగిలించి స్విచ్ ఆన్ చేస్తేనే శబ్దం తెలుస్తుంది. దానికి చాలాచోట్ల 3 నుంచి 6 వారాలు ఆగమంటారు. అన్నాళ్లూ ఇంటిల్లిపాదికీ టెన్షనే.

ఆగమనడానికి కారణం ఉంది. బయటి మిషనుకు ఉండే కాయిల్, అంటే తలకు అంటుకునే గుండ్రటి బిళ్ల, చర్మం మీదుగా లోపలి అయస్కాంతాన్ని పట్టుకుని నిలబడుతుంది. వాపు ఉంటే పట్టు దొరకదు, పచ్చిపుండు మీద ఒత్తిడి పడుతుంది. కానీ ఇప్పుడు కొందరు సర్జన్లు చెవి వెనక చిన్న కోత పెట్టి, ఎముక మీది పొర కింద పరికరం ఇమిడేంత చోటు మాత్రమే చేసి అందులో అమరుస్తున్నారు. వాపు తక్కువ, గాయం త్వరగా ఆరుతుంది. అందుకే కొన్ని ఆసుపత్రుల్లో వారంలోపే, ఒక్కోచోట మర్నాడే స్విచ్ ఆన్ చేస్తున్నారు.

కూలి మానుకుని బిడ్డను చంకనేసుకుని విశాఖ రైలెక్కే మన శ్రీకాకుళం జిల్లా తల్లిదండ్రులకు ఇది చిన్న విషయం కాదు. ఊరికి తిరిగొచ్చేలోపే ఆన్ చేస్తే ఒక ప్రయాణమైనా తగ్గుతుంది. అందుకే డాక్టరుగారిని మొహమాటపడకుండా అడగండి: "మా బిడ్డకు తొందరగా ఆన్ చేయడానికి వీలవుతుందా అండీ?" గాయాన్ని బట్టి ఆయనే చెబుతారు. ఆగమంటే ఆగాల్సిందే.

అయితే ఆన్ చేయడంతో పని అయిపోదు. ఆ మొదటి నిమిషాల్లో చాలామంది పిల్లలు బెదిరి అమ్మ మెడ కరుచుకుని ఏడుస్తారు. కంగారుపడకండి, చాలాసార్లు అది శబ్దం అందిందనడానికి గుర్తే. ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణులు, చాలా తక్కువ స్థాయిలో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. దీన్నే మ్యాపింగ్ అంటారు. చెవి నరానికి కరెంటు అందించే లోపలి ఎలక్ట్రోడ్ల దగ్గర కరెంటుకు ఎదురయ్యే అడ్డు మొదటి వారాల్లో మారుతూ ఉంటుంది. కాబట్టి ఎంత తొందరగా ఆన్ చేస్తే, ఆ తర్వాతి మ్యాపింగులు అంత ముఖ్యం. ఒక ప్రయాణం తగ్గిందని ఇవి మానేయకండి. మాట నేర్పే థెరపీ కూడా అంతే.

మిషను తీశాక కాయిల్ ఆనిన చోట చర్మం రోజూ చూడండి. ఎర్రబడినా, వాచినా, నొప్పని పిల్లాడు చెయ్యి పెట్టుకుంటున్నా, మిషను తీసి పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి ఫోన్ చేయండి.