మన గంటలకు కూలి కట్టుకుందాం
(ఒంగోలులో టైలరింగ్ శిక్షణ పూర్తి చేసిన మహిళల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం.

మీ అందరికీ కుట్టు వచ్చు. బ్లౌజు కుడతారు, ఫాల్ వేస్తారు, పికో చేస్తారు. నేను కావలిలో మా ఇంటి ముందు గదిలో కూర్చుని చేతిసంచులు, పర్సులు, పొట్లీలు (తాడు లాగితే మూతి ముడుచుకునే చిన్న సంచులు) కుట్టి అమ్ముకుంటాను. యజమాని లేడు, నెల జీతమూ లేదు. ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైంది మిషను తొక్కడం కాదు, ధర నోరు తెరిచి చెప్పడం. అందుకే ముందు దాని గురించి మాట్లాడతాను.

ఒక చేనేత భుజం సంచి తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండేందుకు అంకెలు నేనే వేస్తున్నాను. పైగుడ్డ 120 రూపాయలు, లైనింగు 40, జిప్పు, రన్నరు, ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి గుడ్డ వెనక అతుక్కునే పొర), దారం కలిపి 60. సరుకు ఖర్చు 220. కత్తిరింపు మొదలు చివరి దారం తుంచేదాకా మూడు గంటలు. గంటకు 80 చొప్పున 240. కరెంటు, సూదులు, గుడ్డ తెచ్చుకునే ఛార్జీలు 40. మొత్తం 500.

మనలో చాలామంది ఆ 240ని వదిలేస్తారు. ‘ఇంట్లో కూర్చునే కదా కుట్టింది’ అంటారు. నాట్లకు వెళితే సాయంత్రం కూలి అడిగి తీసుకుంటాం. మిషను ముందు వంగితే మాత్రం నడుం మనది కాదా? ఆ 240 వదిలేసి 260కి ఇస్తే కొన్నావిడ సంతోషిస్తుంది, మళ్లీ నాలుగు సంచులు అడుగుతుంది. ఆర్డర్లు పెరిగేకొద్దీ మనకు నిద్ర తగ్గుతుంది, డబ్బు మాత్రం మిగలదు. మంచి పనితనం ఉన్న ఆడపిల్లలు ఇలాగే అలిసిపోయి మిషనుకు గుడ్డ కప్పేశారు. నాకు అది చాలా బాధ.

షాపులో పెట్టి అమ్మేటప్పుడు ఇంకో తిరకాసు ఉంది. షాపువాళ్లు నూటికి 30 తీసుకుంటారనుకోండి. 500కు 30 శాతం కలిపి 650 అని చీటీ అంటిస్తే సరిపోతుందనిపిస్తుంది. కానీ వాళ్లు వాటా తీసుకునేది 650 మీద. 195 పోగా మన చేతికొచ్చేది 455. మన 500 మనకు రావాలంటే చీటీ మీద దాదాపు 715 ఉండాలి. నూటికి 30 వాళ్లకు పోతే మనకు మిగిలేది 70, అందుకే 500ను 0.7తో భాగించండి, ఫోనులోనే వస్తుంది.

‘బజార్లో నూటయాభైకే దొరకతా ఉండాది గదమ్మా’ అని అడుగుతారు. అడగనివ్వండి. అప్పుడు సంచిని లోపలివైపుకు తిప్పి చూపించాలి. పట్టీ ఎక్కడ అతికిందో చూపించాలి. సంచి ఎప్పుడు తెగినా దాదాపు అక్కడే తెగుతుంది. నేను పట్టీ చివరను మడిచి, చుట్టూ నలుచదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా మూల నుంచి మూలకు రెండు కుట్లు వేస్తాను. బరువు ఒక్క గీత మీద పడకుండా నాలుగు వైపులా పంచుకుంటుంది. వెనకవైపు ఒక గట్టి గుడ్డముక్క పెడతాను, పైగుడ్డ చిరగకుండా. బ్లౌజు సూదితో కాన్వాసు కుట్టకండి, కుట్టు స్కిప్ అవుతుంది, సూది విరుగుతుంది. దళసరి గుడ్డకు 18 నంబరు సూది, పాలియెస్టర్ దారం వాడండి. చేనేత నూలు గుడ్డయితే కత్తెర పెట్టకముందే నీళ్లలో నానబెట్టి ఆరేయండి. లేకపోతే మొదటి ఉతుకులో పైగుడ్డ కుంచించుకుపోతుంది, లైనింగు కిందికి వేలాడుతుంది.

గుడ్డకు మనం దూరం పోనక్కర్లేదు. చీరాల 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లింది గానీ ఒంగోలు నుంచి రైలెక్కితే ఎంతసేపు? మగ్గం గుడ్డ అక్కడ దొరుకుతుంది. అటు వెంకటగిరి చీరల పేరు తెలియనివాళ్లు లేరు.

పాత పట్టుచీరల పని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, నాకు ఇష్టమైన పని అది. అమ్మ పెళ్లిచీర తెచ్చి పొట్లీలు కుట్టమంటారు. ఏళ్ల తరబడి బీరువాలో ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత గీత మీదే చిట్లుతుంది. చీరను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఆ గీతలు సన్నగా మెరుస్తాయి. వాటిని తప్పించి ముక్కలు కోయాలి. అడుగున పల్చటి ఫ్యూజింగ్ వేసి, ఇస్త్రీ పెట్టెను రుద్దకుండా అద్దుతూ అతికించాలి, ముందు పనికిరాని ముక్క మీద వేడి చూసుకుని. కత్తిరించే ముందు చీర మొత్తం ఫొటో తీసి, ఎన్ని సంచులు వస్తాయో, ఏ ముక్క మిగులుతుందో వాళ్లకు చెప్పండి. మిగిలిన పీలిక కూడా తిరిగి ఇచ్చేయండి. అది వాళ్లమ్మ చీర.

తాంబూలం సంచులు మనకు తిండి పెట్టే పని. శ్రావణం, మాఘం ముహూర్తాలకు ఒకేసారి వంద, రెండు వందలు అడుగుతారు. సగం డబ్బు అడ్వాన్సు లేకుండా గుడ్డ కోయకండి. ఇక్కడ మనకు పోటీ నాన్‌వోవెన్ సంచి. చూడ్డానికి గుడ్డలా ఉంటుంది గానీ అది ఎక్కువగా పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. ఆ సంగతి తెలిసినవాళ్లు మన నూలు సంచి ఇంకోసారి అడుగుతారు. రేటు మీద దానితో పోటీకి దిగకండి.

అరువు మీద షాపులకు ఇచ్చేటప్పుడు కాగితం రాసుకోండి. ఒక షాపులో నా సంచులు ఎండ తగిలే అద్దాల బీరువాలో నెలల తరబడి వేలాడి, రంగు వెలిసి తిరిగొచ్చాయి. నష్టం మొత్తం నాకే అన్నారు. ఎన్ని ఇచ్చాం, ఎప్పటికి లెక్క తేల్చాలి, పాడైతే ఎవరు భరించాలి, ఈ మూడూ రాసి సంతకం పెట్టించుకోండి. ఇంకోటి, మన వైపు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ నెలల్లో జనపనార సంచులకు బూజు పడుతుంది. సముద్రపు గాలికి చవక కొక్కేలు తుప్పెక్కుతాయి. సరుకును నేల మీద పెట్టకండి.

పెట్టుబడి సంగతి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, ఉచితం, డబ్బడిగితే ఇవ్వకండి. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ పని కూడా ఉంది. పనిముట్లకు 15 వేల దాకా సాయం, మొదటి విడతగా లక్ష దాకా 5 శాతం వడ్డీకి అప్పు. ఇంట్లో ఒక్కరికే వర్తిస్తుంది. వివరాలు మీ ఊరి సచివాలయంలో కనుక్కోండి. ఇక పొదుపు సంఘం ఉండనే ఉంది. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాతే నెల్లూరు జిల్లాలో రోజుకో రూపాయి చొప్పున పొదుపు ఊరూరా పాకింది. వాళ్లు ఇంటి డబ్బు ఎటు పోతోందో లెక్క అడిగారు. మీరు సంఘం పుస్తకం పక్కనే ఇంకో నోటుబుక్కు పెట్టుకుని, ప్రతి సంచికీ ఎన్ని గంటలు పట్టిందో రాయండి. నెల తిరిగేసరికి ఏది కుట్టాలో, ఏది మానేయాలో ఆ పుస్తకమే చెబుతుంది.

ఈ బల్ల మీద కొన్ని సంచులు పెట్టాను. ఒకదాని లైనింగు విప్పే తెచ్చాను. దగ్గరికి రండి, పట్టీలు గట్టిగా లాగి చూడండి. గుడ్డ ఎక్కడ కొన్నానో, ఎంతకు కొన్నానో, ఎంతకు అమ్ముతున్నానో ఏదైనా అడగండి, అన్నీ చెబుతాను.