కోడి కాలి పొలుసులో ఈక
(మహారాష్ట్రలోని సిరోంచలో జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు చేసిన ప్రసంగం)

పెద్దలకు దండాలు. పిల్లలూ, మీరంతా ముందుకొచ్చి కూర్చోండి. ఈక ఎలా పుట్టిందో చూపించడానికి ఈ కోడి కాలు మీ కోసమే తెచ్చాను.

ప్రాణహిత ఒడ్డువాళ్లకు డైనోసార్ కొత్త కాదు. మన తాలూకాలోని కోట ఊరి పేరునే ఇక్కడి రాతిపొరకు పెట్టారు. ఈ లోయలో దొరికిన బరపాసారస్ అనే డైనోసార్‌కు 1975లో ఠాగూర్ పేరు కలిపి నామకరణం చేశారు. దానికి ఈకలున్న గుర్తులేమీ లేవు. ఈకల గుర్తులున్న డైనోసార్లు 1996 నుంచి చైనాలోని లియావోనింగ్‌లో వరసగా బయటపడ్డాయి.

మరి డైనోసార్ జన్యువుల్ని చూసిందెవరు? ఎవరూ చూడలేదు. డీఎన్‌ఏ అన్నేళ్లు నిలవదు. ఇప్పటిదాకా చదవగలిగినవాటిలో అతి పాతది సుమారు 20 లక్షల ఏళ్లది, గ్రీన్‌లాండ్ మట్టిలో దొరికింది. పెద్ద డైనోసార్లు పోయి 6 కోట్ల 60 లక్షల ఏళ్లయింది. కాబట్టి సాక్ష్యం వాటి చుట్టాలనే అడగాలి. ఒక పక్క కోడి, ఇంకో పక్క మొసలి.

ఇప్పుడు ఈ కాలు చూడండి. తొడ దగ్గర ఈకలు, మడమ కీలు దిగగానే పొలుసులు. పాదం ముందువైపు పెద్ద పొలుసులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి, వెనకవైపు చిన్నవి. తోలు ఒకటే, జన్యువులూ అవే. 2023లో జెనీవా విశ్వవిద్యాలయంవాళ్లు పొదుగుతున్న గుడ్డులో 11వ రోజున పిండం రక్తనాళంలోకి ఒక మందు ఎక్కించారు. సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు పంపే సంకేతాన్ని అది కాసేపు పెంచుతుంది. అంతే, పాదం మీద పొలుసులు రావాల్సిన చోట ఈకలొచ్చాయి! మందు మళ్లీ ఇవ్వకపోయినా కోడి పెద్దదయ్యాక కూడా అవి ఉండిపోయాయి. నాకు ఇంతకన్నా ఆశ్చర్యం కలిగించిన ప్రయోగం లేదు.

మొసలి సంగతి. దాని పిండం తోలు మీద పొలుసు మొలవబోయే చోట కణాలు చిన్న గడ్డలా చేరతాయి. ఈకకూ, మన వెంట్రుకకూ మొదలు అదే. ఈ సంగతి 2016లో తేలింది. పొలుసులు లేకుండా పుట్టే ఒక రకం తొండల్లో చెడిన జన్యువు ఈడీఏ. అదే జన్యువు మనిషిలో చెడితే జుట్టు పలచబడుతుంది, పళ్లు సరిగా రావు, చెమట పట్టదు.

ఈకకు కావలసిన జన్యువులు, కెరాటిన్‌వి (ఈక, గోరు తయారయ్యే గట్టి మాంసకృత్తివి) తప్ప, మొసళ్ల, డైనోసార్ల ఉమ్మడి పూర్వీకుడికే ఉన్నాయని 2015 నాటి ఒక అధ్యయనం లెక్కగట్టింది. వాటిని నడిపించే డీఎన్‌ఏ మీటల్లో 86 శాతం కూడా అప్పటికే ఉన్నాయట. అంటే ఈక కోసం సరుకంతా కొత్తగా పుట్టలేదు. ఉన్నదాన్నే ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు వాడాలన్నది మారింది. ఈకకే ప్రత్యేకమైన బీటా కెరాటిన్లు మాత్రం తర్వాత పెరిగిన కుటుంబం.

2025లో జెనీవావాళ్లే ఆ సోనిక్ హెడ్జ్‌హాగ్ సంకేతాన్ని కోడి పిండంలో అణచి చూశారు. కోడిపిల్లలు అక్కడక్కడా బోడితోలుతో పుట్టాయి. కొన్ని వారాల్లో ఆ తోలు మీదా ఈకలు మొలిచాయి.

ఇక ప్రశ్నలు అడగండి, తెలుగులోనైనా మరాఠీలోనైనా.