ఆటోట్యూన్ ఉన్నా మళ్లీ పాడాల్సి వచ్చిన పాట

తెర మీద: నల్లటి తెర. బల్ల మీద వేలితో కొడుతున్న శబ్దం మాత్రమే.

ఈ మధ్య ఏ పాట నచ్చకపోయినా మన నోట్లోంచి వచ్చే మాట ఒకటే. "ఏముంది, అంతా ఆటోట్యూనే కదా, నేనూ పాడేస్తా." సరే, పాడండి. కానీ ముందు ఒక పాట కథ వినండి. అప్పటికే పెద్ద పేరున్న ఒక ర్యాపర్, చేతిలో డబ్బు, మంచి స్టూడియో, శ్రుతిని సరిచేసే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ అన్నీ పెట్టుకుని ఒక పాట పాడాడు. విన్నవాళ్లు "పాడటం బాలేదయ్యా" అన్నారు. అతను మళ్లీ స్టూడియోకి వెళ్లి పాడాడు.

పాట 'లవ్ లాక్‌డౌన్'. పాడింది కాన్యే వెస్ట్. సంవత్సరం 2008. లాక్‌డౌన్ అనగానే మనకి మాస్కులు, మూసేసిన కిరాణా కొట్లు గుర్తొస్తాయి గానీ, ఇది అంతకు పన్నెండేళ్ల ముందు మాట. ఇక్కడ తాళం పడింది ప్రేమకి.

తెర మీద: చికాగో నగరం. 2007 అన్న అంకె.

2007 సెప్టెంబర్‌లో కాన్యే మూడో ఆల్బమ్ వచ్చింది. అమెరికాలో మొదటి వారమే 9,57,000 కాపీలు అమ్ముడయ్యాయి. ఒక ర్యాపర్‌కి ఇంతకన్నా ఏం కావాలి? రెండు నెలలు తిరక్కుండానే, నవంబర్ 10న, వాళ్లమ్మ డోండా వెస్ట్ పోయారు. కాస్మెటిక్ సర్జరీ అయిన మర్నాడే. ఆవిడ చికాగో స్టేట్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ ప్రొఫెసర్‌గా చేశారు, ఒక్కత్తే కొడుకుని పెంచారు. కొన్ని నెలలకే నిశ్చితార్థమైన సంబంధం కూడా తెగిపోయింది.

అప్పటిదాకా అతని పాటలు ఎలా ఉండేవంటే, పాత సోల్ (అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం) రికార్డుల్లోంచి ముక్కలు తీసి, వాటి మీద తన గొప్పలూ జోకులూ చెప్పుకోవడం. ఇప్పుడు చెప్పాల్సింది గొప్పలు కాదు. అందుకే ర్యాప్ మానేసి పాడదామనుకున్నాడు. చిక్కేమిటంటే, అతను గాయకుడు కాదు.

తెర మీద: పాత డ్రమ్ మెషీన్ బొమ్మ. ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు మీటలు.

హవాయిలోని హోనోలులులో కూర్చుని ఆల్బమ్ మొదలుపెట్టారు. కుడిభుజంగా కీబోర్డు వాయించే జెఫ్ బాస్కర్ ఉన్నాడు. మొత్తం ఆల్బమ్ మూడు వారాల్లో అయిపోయిందంటారు. కానీ ఈ కథలో అసలు పాత్రలు రెండు యంత్రాలు.

మొదటిది ఇదిగో, రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషీన్ టీఆర్-808. జపాన్‌లో 1980లో వచ్చింది. దీంట్లో రికార్డు చేసిన డ్రమ్ము లేదు. కరెంటు సర్క్యూటే శబ్దాన్ని పుట్టిస్తుంది. అందుకే నిజం డ్రమ్ములా ఉండదు, బొమ్మ డ్రమ్ములా ఉంటుంది. అప్పట్లో నిజం డ్రమ్ముల శబ్దం దాచుకున్న లిన్ మెషీన్ ధర దాదాపు 5,000 డాలర్లు, ఇది 1,200 లోపే. అయినా అంతగా ఆడలేదు. సుమారు 12,000 తయారుచేసి 1983లో ఆపేశారు. ఇంకో తమాషా: రోలాండ్ పెట్టిన ఇకుతారో కాకెహాషి, లోపమున్న ట్రాన్సిస్టర్లని ఏరి మరీ కొన్నాడు. ఆ చిరచిరలాడే శబ్దం వాటివల్లే వస్తుంది. తర్వాత ఫ్యాక్టరీలు బాగుపడి, లోపమున్న సరుకు దొరకడం మానేసింది. మంచి సరుకుతో ఆ మెషీన్ చేయలేకపోయారు!

సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికేసరికి అమెరికాలో కుర్రాళ్ల చేతికి వచ్చింది. దీంట్లో ఒక మీట ఉంది, పేరు డికే. తిప్పితే కిక్ డ్రమ్ము 'దబ్' అని ఆగదు, 'దూమ్మ్మ్' అని సాగుతుంది. సాగిన శబ్దానికి శ్రుతి కూడా పెడితే? డ్రమ్మే బేస్ గిటార్ అయిపోతుంది. 'లవ్ లాక్‌డౌన్' మొదట్లో మీకు వినిపించేది అదే. పాట వేస్తే నాకు కాపీరైట్ స్ట్రైక్ పడుతుంది కాబట్టి ఇందాక బల్ల మీద కొట్టి వినిపించాను. గుండె కొట్టుకుంటున్నట్టు ఉండి, పైన గొంతు. కాసేపటిదాకా ఇంకేం లేదు. ఎనభైల నాటి సింథ్-పాప్, అంటే సింథసైజర్ల మీద కట్టిన పాటల పద్ధతి ఇది. ఫిల్ కాలిన్స్, గ్యారీ న్యూమన్ లాంటి వాళ్ల పేర్లు కాన్యేనే చెప్పాడు.

తెర మీద: ఏడు స్వరాలు మెట్లలా. ఒక చుక్క మెట్ల మధ్య ఊగుతూ ఉంటుంది.

రెండో యంత్రం ఆటోట్యూన్. దీన్ని కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చేసిన పని, భూమిలోకి ధ్వని పంపి, తిరిగొచ్చే తరంగాల లెక్కతో చమురు ఎక్కడుందో చూడటం. అదే తరహా లెక్కని 1997లో గొంతు మీద పెట్టాడు. అది చేసేది చాలా చిన్న పని. మీరు పాడిన శ్రుతి ఎంతో కొలుస్తుంది, దానికి దగ్గర్లో ఉన్న స్వరమేదో చూస్తుంది, అక్కడికి లాగుతుంది. నెమ్మదిగా లాగితే ఎవరికీ తెలీదు. లాగే సమయాన్ని సున్నా చేస్తే గొంతు ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదకి గెంతుతుంది. అదే ఆ రోబో గొంతు. మన గమకాన్ని దీంట్లో వేసి చూడండి, సాగదీసిన జారుడంతా మెట్లు మెట్లుగా విరిగిపోతుంది.

ఇప్పుడు 'దగ్గర్లో ఉన్న' అన్న మాట పట్టుకోండి. మీరు 'గ' పాడదామని 'రి' దగ్గరికి జారిపోతే, దానికి మీ మనసులో మాట ఏం తెలుసు? అది మిమ్మల్ని ఎంతో శ్రద్ధగా 'రి' మీద నిలబెడుతుంది. అంటే తప్పుని సరిచేయదు, తప్పుని పక్కాగా చేస్తుంది. ఇక ఊపిరి, బలం, ఎత్తుగడ... వాటి జోలికే పోదు.

తెర మీద: 2008 సెప్టెంబర్ 7. వేదిక మీద వరసగా డ్రమ్ములు.

ఎంటీవీ వీడియో మ్యూజిక్ అవార్డుల రాత్రి చివరి ప్రదర్శన కాన్యేది. ఎవరూ వినని పాట, చుట్టూ డ్రమ్ములు వాయించే బృందం, ర్యాప్ లేదు. చూసేవాళ్లు తికమకపడ్డారు. మూడు రోజులకి పాటని తనే ఇంటర్నెట్‌లో పెట్టాడు. విమర్శలు గొంతు మీదే పడ్డాయి. ఇంకొకరైతే "మీకు అర్థం కాలేదు" అనేవారు. ఈయనగారి అహం సంగతి తెలిసినవాళ్లు అదే అనుకుని ఉంటారు. కానీ అతను మళ్లీ పాడానని, జపాన్ తైకో డ్రమ్ములు కొత్తగా వేశామని, కొత్త వెర్షన్ వస్తోందని పెద్దక్షరాల్లో రాసి పెట్టాడు. సెప్టెంబర్ 18న ఐట్యూన్స్‌లోకి వచ్చింది. అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో అడుగుపెట్టడమే మూడో స్థానంలో.

నాకు ఈ పాటలో బాగా నచ్చేది ఆ తైకో నిర్ణయమే. సర్క్యూట్లో పుట్టిన బొమ్మ డ్రమ్మూ జపాన్‌దే, చర్మం బిగించి కర్రలతో బాదే డ్రమ్మూ జపాన్‌దే. చరణమంతా మొదటిది బిక్కుబిక్కుమంటూ కొట్టుకుంటుంటే, పల్లవికి రెండోది వచ్చి మీద పడుతుంది.

నవంబర్ 24న ఆల్బమ్ '808స్ అండ్ హార్ట్‌బ్రేక్' వచ్చింది. మొదటి వారం 4,50,000 కాపీలు, నంబర్ వన్. అయినా హిప్‌హాప్ అభిమానుల్లో చాలామంది మొహం ముడుచుకున్నారు, సమీక్షకులు రెండుగా చీలిపోయారు. 2009లో ర్యాపర్ జే-జీ ఏకంగా ఆటోట్యూన్ చావు గురించే పాట వేశాడు. దానికి ట్యూన్ కట్టిందెవరు? 'నో ఐడీ' అన్న పేరున్న నిర్మాత. కాన్యే ఆల్బమ్‌లో 'హార్ట్‌లెస్' పాటకి పనిచేసిన అదే మనిషి!

ఆ గొడవ జరుగుతుండగానే 2009 ఫిబ్రవరిలో టొరంటో కుర్రాడు ఒకడు తన మిక్స్‌టేప్‌లో (సొంతంగా వదిలే పాటల గుత్తి) ఈ ఆల్బమ్‌లోని ఒక ట్రాక్ మీద తన మాటలు పెట్టుకుని పాడాడు. పేరు డ్రేక్. సగం ర్యాప్, సగం పాట, మొత్తం బాధ అన్న దారి తర్వాత పెద్ద రోడ్డయిపోయింది. 2014లో రోలింగ్ స్టోన్ పత్రిక కొత్త దారి వేసిన 40 ఆల్బమ్‌లలో దీన్ని చేర్చింది. తర్వాతి ఏళ్లలో కాన్యే యూదుల గురించి మాట్లాడిన మాటలు అసహ్యంగా ఉన్నాయి. ఆ మాట చెప్పకుండా ముందుకెళ్లడం నాకిష్టం లేదు.

తెర మీద: ఇయర్‌ఫోన్స్.

ఈ పాట ఫోన్ స్పీకర్లో వినకండి. అంత కింది శ్రుతి ఆ చిన్న స్పీకర్ పలకలేదు, సగం పాట పోతుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదట కొట్టుకునేది 808. తర్వాత పియానో. పల్లవికి తైకోలు. పాట చివరికొస్తుంటే ఒకచోట ఆ గొంతు బొంగురుపోయి, యంత్రం లోపలే చిరిగినట్టు అరుస్తుంది. అక్కడిదాకా ఆగండి.