ఫ్రెండ్స్‌తో ఎన్‌ఎఫ్‌ఎల్ స్ప్రెడ్ పూల్: ఏ రూల్స్ నిలబడతాయి, ఏవి గొడవ పెడతాయి?

అందరికీ నమస్తే. ఇవాళ రివ్యూ చేస్తున్నది యాప్‌ని కాదండీ, ఆటని. పది పన్నెండు మంది ఫ్రెండ్స్ కలిసి వారం వారం ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) మ్యాచ్‌లని స్ప్రెడ్ మీద పిక్ చేసే పూల్, అంటే పిక్స్ పెట్టి పాయింట్లు లెక్కేసుకునే పోటీ. స్ప్రెడ్ లేదా లైన్ అంటే, గెలుస్తుందనుకునే టీమ్ (ఫేవరెట్) ఎన్ని పాయింట్ల కంటే ఎక్కువ తేడాతో గెలవాలో పందేలు తీసుకునే బుక్‌మేకర్లు పెట్టే అంకె. అవతలి టీమ్ అండర్‌డాగ్. ఈఎస్‌పీఎన్‌లో పెట్టుకున్నా, యాహూలో పెట్టుకున్నా, ఒక వాట్సాప్ గ్రూపూ ఒక షీటూ పెట్టుకుని నడుపుకున్నా ఆట ఒకటే. తీర్పు ముందే చెప్పేస్తాం. వారానికి ఐదు పిక్స్, ఒకసారి ఫ్రీజ్ చేశాక కదలని లైన్, కిక్‌ఆఫ్ (మ్యాచ్ మొదలు) దాకా ఒకరి పిక్స్ ఇంకొకరికి కనపడకపోవడం: ఈ మూడూ ఉన్న పూల్‌కి పదికి తొమ్మిది. వారంలో ఉన్న మ్యాచ్‌లన్నీ పిక్ చేయమనే పూల్‌కి ఆరు. స్ప్రెడ్ లేకుండా గెలిచేదెవరో చెప్పమనే పూల్‌కి నాలుగు. అందులో అందరూ ఫేవరెట్లనే పట్టుకుంటారు, వారం చివర్లో మనిషికీ మనిషికీ రెండు మూడు మ్యాచ్‌లు కూడా తేడా రాదు.

కొత్తవాళ్ల కోసం ఒక్క నిమిషం. కౌబాయ్స్ మైనస్ 3.5, జెయింట్స్ ప్లస్ 3.5 అని లైన్ ఉందనుకోండి. కౌబాయ్స్ 24-21తో గెలిచారు. మ్యాచ్ వాళ్లదే, కానీ తేడా మూడే కాబట్టి కవర్ కాలేదు, అంటే స్ప్రెడ్‌ని దాటలేదు. జెయింట్స్‌ని పిక్ చేసినవాళ్లకి పాయింట్. అదే లైన్ సరిగ్గా 3 అయి ఉంటే పుష్, అంటే ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. ఓవర్‌టైమ్‌లో వచ్చిన పాయింట్లు కూడా లెక్కలోకి వస్తాయి. దీని మీద ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు పేచీ పెడతారు, అందుకే రూల్స్‌లో ముందే రాసి పెట్టండి.

షీట్‌లో ఫార్ములా చాలా చిన్నది. ఫేవరెట్ స్కోరులోంచి అండర్‌డాగ్ స్కోరు తీసెయ్యండి, వచ్చినదాంట్లోంచి స్ప్రెడ్ తీసెయ్యండి. సున్నా కంటే ఎక్కువొస్తే ఫేవరెట్ కవర్, తక్కువొస్తే అండర్‌డాగ్, సున్నా అయితే పుష్. కొంప ముంచేది ఒక్కటే: స్ప్రెడ్ గడిలో ఒకరు 3.5 అని, ఇంకొకరు మైనస్ 3.5 అని కొడతారు. మైనస్ అంకెని తీసేస్తే కూడిక అయిపోతుంది, పాయింట్లు తలకిందులవుతాయి. ఆ గడిలో ఎప్పుడూ మైనస్ లేని అంకె మాత్రమే, ఫేవరెట్ పేరు పక్క గడిలో. అంతే.

ఇప్పుడు అసలు విషయం, అంకెలు. ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లు ఎక్కువగా 3 పాయింట్ల తేడాతో ముగుస్తాయి, సుమారు ఏడింట ఒకటి. తర్వాత 7. ఫీల్డ్ గోల్‌కి (బంతిని గోల్ కర్రల మధ్యకి తన్నితే) మూడు, టచ్‌డౌన్‌కీ (బంతిని అవతలి చివరికి చేరిస్తే) దాని తర్వాత కొట్టే ఎక్స్‌ట్రా పాయింట్ కిక్‌కీ కలిపి ఏడు కాబట్టి. 2015లో ఎక్స్‌ట్రా పాయింట్ కిక్‌ని వెనక్కి జరిపి 33 గజాలు చేశాక మిస్‌లు పెరిగాయి, అయినా ఈ రెండు అంకెలూ కుర్చీ దిగలేదు. అందుకే 2.5కీ 3.5కీ మధ్య ఉన్న ఒక్క పాయింటు, 11.5కీ 12.5కీ మధ్య ఉన్న పాయింటూ ఒకటి కావు.

చాలామంది అడ్మిన్లు తప్పు చేసేది ఇక్కడే. పుష్ వస్తే లెక్క చికాకని, 3 అని ఉన్న ప్రతి లైన్‌నీ 3.5 చేసేస్తారు. చూడ్డానికి అర పాయింటే. కానీ అలా చేసిన ప్రతిసారీ అండర్‌డాగ్ పట్టుకున్నవాడికి ఉత్తపుణ్యానికి సుమారు పదింట ఒక అవకాశం చేతిలో పెట్టినట్టే. సీజన్ మొత్తం కళ్లు మూసుకుని ఆ ప్లస్ 3.5లే పిక్ చేసేవాడు ముందుకెళ్లిపోతాడు. 3ని 3గానే ఉంచి, పుష్‌కి అర పాయింట్ ఇవ్వండి. లాస్ వేగస్‌లో వెస్ట్‌గేట్ సూపర్‌కాంటెస్ట్ నడిచేది ఈ పద్ధతిలోనే: వారానికి ఐదు పిక్స్, కొడితే ఒకటి, పుష్ అయితే అర.

అర పాయింట్ ఏం చేయగలదో చూడాలంటే 1979 జనవరి 21, పదమూడో సూపర్ బౌల్ (సీజన్ ఫైనల్) చూడండి. స్టీలర్స్, కౌబాయ్స్. లైన్ స్టీలర్స్ మైనస్ 3.5 దగ్గర మొదలై, డబ్బు వచ్చి పడేకొద్దీ 4.5 దాకా పాకింది. నాలుగో క్వార్టర్‌లో స్టీలర్స్ 35-17. మ్యాచ్ అయిపోయిందనే అనుకున్నారంతా. ఇంకా రెండున్నర నిమిషాలుండగా కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ప్రధాన ఆటగాడు) స్టాబాక్ ఒక టచ్‌డౌన్ వేశాడు, 35-24. ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్లీ తమకే దక్కాలని దగ్గరగా తన్నేది) కౌబాయ్స్‌కే దొరికింది. 22 సెకన్లు ఉండగా ఇంకో టచ్‌డౌన్, కిక్ లోపలికి, 35-31. తేడా సరిగ్గా నాలుగు! మొదట్లో స్టీలర్స్ మైనస్ 3.5 తీసుకున్నవాళ్లూ గెలిచారు, తర్వాత కౌబాయ్స్ ప్లస్ 4.5 తీసుకున్నవాళ్లూ గెలిచారు. రెండు వైపులా చెల్లించుకున్నది బుక్‌మేకర్లు. ఫలితం తేలిపోయాక వచ్చే ఇలాంటి టచ్‌డౌన్‌తో కవర్ అయితే దాన్నే బ్యాక్‌డోర్ కవర్ అంటారు. పెద్ద స్ప్రెడ్ ఉన్న ఫేవరెట్‌ని పిక్ చేసేముందు ఇది గుర్తుండాలి. 17 పాయింట్ల ఆధిక్యంలో ఉన్న డిఫెన్స్ టైమ్ కరిగితే చాలనుకుంటుంది, మీ 13.5 సంగతి వాళ్లకి పట్టదు.

దీనికి ఇంకో రకం కూడా ఉంది. 2018 జనవరిలో వైకింగ్స్, సెయింట్స్ ప్లేఆఫ్. ఆఖరి బంతికి వైకింగ్స్ ఆటగాడు డిగ్స్ టచ్‌డౌన్, 29-24. ఎక్స్‌ట్రా పాయింట్ కొట్టకుండా, బంతి పట్టుకుని మోకాలు వంచి వదిలేశారు. వైకింగ్స్ మైనస్ 5.5 పట్టుకున్నవాళ్లు గెలిచిన మ్యాచ్‌లో ఓడిపోయారు. ఆ ఏడాదే రూల్ మార్చారు, టైమ్ అయిపోయాక గెలిపించే టచ్‌డౌన్ పడితే ఇక కిక్ ప్రయత్నమే ఉండదు.

లైన్ ఫ్రీజ్ ఎప్పుడు చేయాలి? మంగళవారం చేసే పూల్స్ ఉన్నాయి, వద్దు. టీమ్‌లు గాయాల రిపోర్టు బుధ, గురు, శుక్రవారాల్లో ఇస్తాయి, ఆదివారం మ్యాచ్‌లకి ఎవరు అవుట్, ఎవరు డౌట్‌ఫుల్ అన్నది శుక్రవారానికి తేలుతుంది. మంగళవారం మైనస్ 6 అని ఫ్రీజ్ చేశారు, శుక్రవారం ఆ టీమ్ క్వార్టర్‌బ్యాక్ అవుట్ అన్నారు, బయట లైన్ 1కి పడిపోయింది. మీ పూల్‌లో పన్నెండు మందికి పన్నెండు మందీ ప్లస్ 6 మీద ఎక్కేస్తారు. ఆ మ్యాచ్ ఉన్నా లేనట్టే. మాకు నచ్చింది రెండు విడతల ఫ్రీజ్: గురువారం మ్యాచ్‌కి గురువారం మధ్యాహ్నం, మిగతావాటికి శుక్రవారం సాయంత్రం. ఒకే బుక్‌మేకర్ నుంచి, ఒకే టైమ్‌కి, స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టండి. సగం లైన్లు ఒకచోట, సగం ఇంకోచోట తీస్తే గొడవ ఖాయం. థాంక్స్‌గివింగ్ వారంలో గురువారమే మూడు మ్యాచ్‌లు ఉంటాయి, ఆ వారానికి షెడ్యూల్ ముందే మార్చుకోండి.

గడువు ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట ఈస్టర్న్ (అమెరికా తూర్పు తీరం టైమ్) అని పెట్టేవాళ్లు ఒకటి మర్చిపోతారు. లండన్‌లో మ్యాచ్ ఉన్న రోజు అది పొద్దున తొమ్మిదిన్నరకే మొదలవుతుంది. అప్పటికి దాదాపు అయిపోయిన మ్యాచ్‌ని చూసి మరీ పిక్ పెట్టే మహానుభావులు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. గడువు మొత్తానికి ఒకటి కాదు, ఏ మ్యాచ్ కిక్‌ఆఫ్‌కి ఆ మ్యాచ్ లాక్ కావాలి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఆడే ఫ్రెండ్ ఉంటే టైమ్ చెప్పేయండి: గురువారం రాత్రి 8:15 ఈస్టర్న్ అంటే మనకి శుక్రవారం పొద్దున 5:45, ఆదివారం ఒంటిగంట అంటే రాత్రి 10:30. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం మారుతుంది, అప్పట్నుంచి గంట కలుపుకోవాలి.

ఇక ఐదు పిక్సా, అన్నీనా? లెక్క ప్రకారం చూస్తే అన్నీ పిక్ చేసే పూల్‌లోనే అదృష్టం పాలు తక్కువ. ఐదు చొప్పున 18 వారాలకి 90 పిక్స్. బొమ్మా బొరుసా వేసి పిక్ చేసినా సగటు 45, అటూ ఇటూ ఐదు దాకా ఊగుతుంది. పన్నెండు మందీ నాణెం వేసే ఆడినా వాళ్లలో టాపర్ 52, 53 దగ్గర తేలతాడు. నిజంగా 55 శాతం కొట్టగల మొనగాడి సగటు 49, 50. అంటే ఆటంటే తెలిసినవాడు నాణెం గాడి చేతిలో ఓడిపోవడం ఇక్కడ మామూలే. అదే సీజన్‌లోని 272 మ్యాచ్‌లూ పిక్ చేస్తే నాణెం టాపర్ 55 శాతం దగ్గరే ఆగిపోతాడు. మరి దానికి ఆరే ఎందుకిచ్చాం? వారానికి పదహారు దాకా పిక్స్ అంటే అక్టోబర్ వచ్చేసరికి ముగ్గురు మానేస్తారు, ఇద్దరు కళ్లు మూసుకుని నొక్కేస్తారు. సెప్టెంబర్‌లో ఉన్న పూల్ డిసెంబర్‌కి ఉండదు. మర్చిపోయిన వారానికి సున్నా ఇవ్వండి, కానీ ప్రతి ఒక్కరి లెక్కలోంచీ అధ్వాన్నమైన ఒక వారం తీసెయ్యండి. చీట్ కోడ్ కాదది, మనుషుల్ని నిలబెట్టుకునే పద్ధతి.

కౌబాయ్స్ ఇలాకా అయిన డాలస్, ఫ్రిస్కో వైపు గ్రూపుల్లో ఇంకో జబ్బు. అందరూ కౌబాయ్స్‌నే పిక్ చేస్తారు. తప్పో ఒప్పో పక్కన పెడితే, అందరూ ఒకవైపే ఉన్న మ్యాచ్ ఎవర్నీ ముందుకి తీసుకెళ్లదు. సొంత గ్రౌండ్‌లో ఆడే టీమ్‌కి మూడు పాయింట్ల మొగ్గు అనే పాత లెక్కని కూడా వదిలేయండి. చాలాచోట్ల జనం లేకుండా, మిగతాచోట్ల కొద్దిమందితో ఆడిన 2020 రెగ్యులర్ సీజన్‌లో హోమ్ టీమ్‌ల రికార్డు 127 గెలుపులు, 128 ఓటములు, ఒక టై. స్టేడియాలు మళ్లీ నిండినా ఆ పాత మూడు తిరిగి రాలేదు.

పిక్స్ దాచడం ఎందుకంత ముఖ్యమో ఆఖరి మూడు వారాల్లో తెలుస్తుంది. మొదటి స్థానంలో ఉన్నవాడికి రెండోవాడి పిక్స్ కనిపిస్తే అవే కాపీ కొడతాడు. ఇద్దరికీ ఒకే ఫలితం, తేడా కరగదు. రూల్స్‌లో ఏ తప్పూ లేదు, కానీ ఆట చచ్చిపోతుంది. దాచి ఉంచితే వెనకున్నవాడికి ఒక దారి మిగులుతుంది: అందరూ ఎటు వెళ్తారో ఊహించి, లైన్ దాదాపు సమానంగా ఉన్న మ్యాచ్‌లలో రెండో వైపు వెళ్లడం.

పద్దెనిమిదో వారానికి మాత్రం వేరే రూల్ పెట్టండి. ప్లేఆఫ్ స్థానం ఖాయమైన టీమ్‌లు స్టార్టర్లని (ప్రధాన ఆటగాళ్లని) కూర్చోబెడతాయి, లైన్లు ఒక్క పూటలో ఆరేడు పాయింట్లు కదులుతాయి. ఆ వారం ఫ్రీజ్ ప్రతి మ్యాచ్‌కీ కిక్‌ఆఫ్‌కి రెండు గంటల ముందు. పూల్‌లో మొదటి స్థానానికి టై అయితే ఎలా అంటే, సీజన్ ఆఖరి మ్యాచ్ మొత్తం పాయింట్లు ఎన్నో ముందే రాయించుకోండి, దగ్గరగా చెప్పినవాడిదే గెలుపు. డబ్బు విషయంలో అమెరికాలో రూల్స్ రాష్ట్రానికో తీరు, మన దగ్గర ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలు చట్టవిరుద్ధం. కాబట్టి ఇండియా నుంచి ఒక్కరున్నా పందెం బిర్యానీ దాకే. షీట్ లింక్ డిస్క్రిప్షన్‌లో ఉంది, కాపీ చేసుకునే ముందు స్ప్రెడ్ గడి ఒకసారి చూసుకోండి, మైనస్ ఉండకూడదు.