ఖాళీ గళ్లను కూడా రాసిపెట్టండి

సభకు నమస్కారం. సమయం తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. పెద్దలు మన్నిస్తే నేరుగా విషయంలోకి వస్తాను.

ఉపగ్రహ చిత్రాల్లో పురాతన స్థలాలను వెతకడం అనగానే చాలామందికి ఒకటే ఊహ. ఎవరో తెర ముందు కూర్చుంటారు, ఎడారిలో ఒక చతురస్రం కనబడుతుంది, మర్నాడు పత్రికలో ‘మాయమైన నగరం దొరికింది’ అని వస్తుంది. ఆ వార్త చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. అది తారసపడటం, వెతకడం కాదు. ప్రాంతాన్నంతా గళ్లుగా విడగొట్టాలి, ప్రతి గడినీ ఒకే శ్రద్ధతో చూడాలి, ఏమీ కనబడని గడిలో ‘చూశాను, ఏమీ లేదు’ అని రాయాలి. వెతకడమంటే అది. ఆ చివరి పని కోసమే నేనివాళ మీ ముందు నిలబడ్డాను.

సిరియా సంగతి చెబుతాను. 1920లలో ఆంత్వాన్ ప్వాదెబార్ అనే ఫ్రెంచి జెసూట్ పాద్రీ ఆ ఎడారి మీద విమానంలో తిరుగుతూ ఫొటోలు తీశాడు. ఎండ ఏటవాలుగా పడినప్పుడు నేలమట్టమైన గోడ కూడా సన్నని నీడ వేస్తుంది. ఆ నీడలను పట్టుకుని 116 రోమన్ కోటలను నమోదు చేసి 1934లో ప్రచురించాడు. అవి ఉత్తర దక్షిణాలుగా ఒక వరసలో కనబడ్డాయి. తూర్పు నుంచి వచ్చేవాళ్లను ఆపడానికి కట్టిన సరిహద్దు అన్నాడు. ఆ మాట చాలాకాలం నిలబడింది.

2023లో వెలువడిన పరిశోధనలో జెస్సీ కసానా అనే పురావస్తు శాస్త్రవేత్త, ఆయన సహచరులు సిరియా, ఇరాక్‌లలో దాదాపు 3 లక్షల చదరపు కిలోమీటర్లను పాత గూఢచారి ఉపగ్రహాల చిత్రాల్లో ఒక పద్ధతి ప్రకారం పరిశీలించారు. అంతవరకూ ఎవరూ నమోదు చేయని 396 కోటలు బయటపడ్డాయి. అవి వరసలో లేవు! టైగ్రిస్ ఒడ్డున ఉన్న మోసుల్ వైపు నుంచి పడమట అలెప్పో దాకా, తూర్పు పడమరలుగా పరుచుకుని ఉన్నాయి. సరిహద్దు గోడ కంటే, బాటసారులకూ వర్తకానికీ కాపుగా కట్టినవనే వాదనకు బలం వచ్చింది.

ప్వాదెబార్ చూపు మంచిదే, ఓపికా గొప్పదే. కోటలు ఉంటాయనుకున్న దారినే ఎగిరాడు, ఆ దారే పటం మీద వరసగా మారింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఎవరూ చూడని చోటు, చూసినా ఏమీ కనబడని చోటు, రెండూ పటం మీద ఒకేలా తెల్లగా ఉంటాయి. ఆ రెండు తెలుపులనూ విడదీసి చూపించకపోతే, తర్వాత వచ్చేవాడు ఆ ఖాళీని చూసి చరిత్ర రాసేస్తాడు.

ఆ గూఢచారి ఉపగ్రహాల చిత్రాల గురించి కూడా చెప్పాలి. 1960 నుంచి 1972 దాకా అమెరికా నడిపిన ‘కరోనా’ అనే పేరున్న ఉపగ్రహాలు తీసినవి. ఫిల్మును పెట్టెలో పెట్టి పారాచూట్‌తో కిందికి వదిలితే విమానం గాల్లోనే అందుకునేది. 1995లో 8,60,000కు పైగా చిత్రాలను బయటపెట్టారు. వాటి విలువ వాటి వయసులో ఉంది. సిరియాలో యూఫ్రటీస్ నది మీద తబ్కా ఆనకట్ట కట్టాక నీళ్లలో మునిగిన లోయ, ఆ ఫిల్ములో ఇంకా పొడిగానే ఉంది. పాత ఊళ్లు కూలి ఏర్పడి, తర్వాత దున్ని చదును చేసేసిన దిబ్బలు అందులో ఇంకా దిబ్బలే.

నా కాగితంలో ఇక్కడ రాడార్ గురించి ఉంది. 1981లో స్పేస్ షటిల్ రాడార్ సహారా ఇసుక కింద ఎండిపోయిన నదుల జాడలు చూపించింది. అది వేరే ఉపన్యాసం, వదిలేస్తున్నాను. నేల రంగు మాత్రం వదలను. మనుషులు తరతరాలుగా బతికిన చోట బూడిద, చెత్త, కూలిన మట్టిగోడలు కలిసి పాటిమన్ను అవుతుంది. చుట్టుపక్కల నేలలా అది వెలుతురును తిప్పి పంపదు. కంటికి కనబడని పరారుణ కాంతిలో ఆ తేడా ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. 2012లో బ్యోర్న్ మెంజ్, జేసన్ ఉర్ అనే పరిశోధకులు ఈ తేడాను కంప్యూటర్‌కు నేర్పి, ఈశాన్య సిరియాలో 23,000 చదరపు కిలోమీటర్ల మేర దాదాపు 14,000 స్థలాలు ఉండొచ్చని పటం గీశారు.

నేర్పారు అన్నాను కదా, దేనితో నేర్పాలి? దిబ్బ ఉన్న చోట్లను మాత్రమే చూపిస్తే యంత్రం ప్రతి ఇసుక తిన్నెనూ దిబ్బే అంటుంది. దిబ్బ కానివాటిని కూడా అంతే జాగ్రత్తగా చూపించాలి. అవి ఎక్కడి నుంచి వస్తాయి? మీరు రాసిపెట్టిన ఖాళీ గళ్ల నుంచే వస్తాయి. అలాంటి గళ్లను ‘ఫలితం లేదు’ అని చెరిపేసిన పనులు నేను చూశాను. నెలల శ్రమ అలా పోయింది. ఇది నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు.

ఈ హాల్లో ఉన్న విద్యార్థులారా, మీతోనే మాట్లాడుతున్నాను. దొరికినవాటి అక్షాంశ రేఖాంశాలను అందరికీ కనబడేలా పెట్టకండి. సిరియాలోని అపామియా అనే పురాతన నగర స్థలంలో, అక్కడ యుద్ధం మొదలయ్యాక దోపిడీదారులు తవ్విన గుంటలు నేలంతా పరుచుకున్నాయి, అవి కూడా ఉపగ్రహ చిత్రాల్లోనే బయటపడ్డాయి. అలాగే తెర మీద కనబడినదాన్ని ‘స్థలం’ అనకండి, ‘అనుమానం’ అనండి. ఎవరైనా అక్కడ నడిచి, పాత కుండ పెంకులు ఏరి చూసేదాకా అది అనుమానమే.

ఇక మీ పట్టికలో ప్రతి గడికీ నాలుగు విషయాలుండాలి: గడి సంఖ్య, చిత్రం తేదీ, చూసినవారి పేరు, కనబడింది ఏమిటి. మబ్బు కమ్మినా, పైరు కప్పేసినా ‘ఏమీ లేదు’ అని రాయకూడదు, ‘నేల కనబడలేదు’ అని రాయాలి. ఎండాకాలపు చిత్రంలో ఖాళీ అన్న గడిని, వానల తర్వాతి చిత్రంలో ఇంకొకరు మీ జవాబు చూడకుండా మళ్లీ చూడాలి. ఇద్దరి మాటా కలవకపోతే రెండూ ఉంచండి. ఏదీ చెరపకండి.